సంగీత ప్రశ్నోత్తరాలు: ఊరూరా కచేరీ, మారిన సభ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కచేరీ జీవనం గురించీ, సభల్లో శ్రోతలు మారుతున్న తీరు గురించీ ఉన్నాయి. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. వీణ నా వృత్తి కనుక జవాబుల్లో వీణ మాట తరచుగా వస్తుంది. గాత్రం, వయొలిన్ వారు తమకు తగినట్టు అన్వయించుకోగలరు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉంది. చిన్నప్పటి నుంచి గాత్రం నేర్చుకుంటోంది. చదువు అయ్యాక ఉద్యోగం వద్దనీ, కచేరీలే చేసుకుంటాననీ అంటోంది. ఊళ్లు తిరిగి పాడేవారికి నిజంగా ఇల్లు గడుస్తుందా? — ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మొదటి పది పన్నెండేళ్లు కచేరీల సంభావనతో మాత్రమే ఇల్లు గడవడం చాలా అరుదు. ఎక్కువ చోట్ల నిర్వాహకులు బృందానికంతటికీ కలిపి ఒకే మొత్తం ప్రధాన కళాకారుల చేతికిస్తారు; అందులోంచి వయొలిన్‌కూ మృదంగానికీ, ఉంటే ఘటానికో మోర్సింగ్‌కో ఇవ్వవలసినది ఇచ్చి, రైలు చార్జీలూ ఆటో కిరాయిలూ తీసివేస్తే చేతిలో మిగిలేది కొన్నిసార్లు ఒక శాలువా, ఒక జ్ఞాపిక. (శాలువాలకే మా ఇంట్లో ఒక అర కేటాయించవలసి వచ్చింది, ఇంటి యజమాని మాత్రం అద్దెకు బదులు వాటిని తీసుకోవడానికి ఇంతవరకూ ఒప్పుకోలేదు.) పేరు రాని రోజుల్లో పక్కవాద్యాల వారికి సొంత డబ్బే ఇచ్చి పంపినవారు మా వృత్తిలో చాలామంది ఉన్నారు. డిసెంబరులో మద్రాసు సభలన్నీ వరుసగా కచేరీలు పెట్టే సీజనులో కొత్తవారికి దొరికేవి మధ్యాహ్నపు కచేరీలు, వాటికి చాలా సభల్లో టిక్కెట్టు ఉండదు, పారితోషికం కూడా నామమాత్రమే. అయినా అందరూ అక్కడికి వెళ్లడానికి కారణం, విమర్శకులూ ఇతర ఊళ్ల నిర్వాహకులూ గట్టి చెవి ఉన్న శ్రోతలూ ఆ కొద్ది వారాలు ఒక్క ఊళ్లో కలిసి ఉండడమే. అవకాశం ఇప్పిస్తామని మీ దగ్గరే డబ్బు అడిగేవారు కూడా తారసపడతారు. వారికి ఒక్క రూపాయి ఇవ్వకండి.

మరి ఎలా బతుకుతున్నారని అడుగుతారు. పాఠాలు చెప్పి బతుకుతున్నారు. ఈనాడు కచేరీ కళాకారుల్లో చాలామందికి నిలకడైన ఆదాయం శిష్యుల నుంచే వస్తుంది, అందులోనూ విదేశాల్లో ఉన్న పిల్లల నుంచి. అమెరికాలో సాయంత్రమైతే మనకు తెల్లవారుజాము కనుక రాత్రి కచేరీ చేసి వచ్చిన మనిషి పాలవాడు రాకముందే కంప్యూటరు ముందు కూర్చుంటారు. ఆకాశవాణి ఆడిషన్‌లో బీ గ్రేడుతో మొదలై బీ హై, ఏ, టాప్ దాకా మెట్లున్నాయి. ఆ ప్రసారాలకు వచ్చే రుసుముకన్నా ఆ గ్రేడుకే విలువ ఎక్కువ, ఎందుకంటే కొత్త ఊరి నిర్వాహకులు మొదట అడిగేది దాన్నే. తిరుమలలో నాదనీరాజనం వేదిక, దేవాలయాల ఉత్సవాలు, డిప్లొమా ఉంటే సంగీత కళాశాలల్లో అధ్యాపకత్వం ఉన్నాయి. ఇవన్నీ కలిస్తే ఒక బతుకుతెరువు.

ఇక తిరుగుడు విషయం. కచేరీ ముందు కడుపు నిండా తిని పాడలేరు, అయ్యేసరికి ఊళ్లో హోటళ్లు కట్టేస్తారు. శాలువా కప్పినవారే దగ్గరుండి స్టేషనుకు దింపుతారు గాని భోజనం సంగతి ఎవరికీ గుర్తుండదు. ఒక రాత్రి స్లీపరు బోగీలో గాలికి ఎండిన గొంతుతో మర్నాడు ఏసీ హాల్లో పై షడ్జమం (పై స్థాయి 'స') అందుకోవాలి. ఇది నెలకొకసారి అయితే ముచ్చట, వారానికి మూడుసార్లయితే ఒళ్లు హూనం.

వృత్తి ఒకటి చేసుకుంటూ సంగీతంలో శిఖరం ఎక్కినవారు మనకు లేకపోలేదు. శ్రీపాద పినాకపాణిగారు కర్నూలు వైద్య కళాశాలలో వైద్యశాస్త్రం బోధించిన డాక్టరు. నేదునూరి కృష్ణమూర్తి, ఓలేటి వేంకటేశ్వర్లు వంటి మహావిద్వాంసులకు పాఠం చెప్పినదీ, 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నదీ ఆయనే. అయితే ఊరూరా తిరిగే కచేరీ జీవితాన్ని ఆయన ఎంచుకోలేదు, పాఠాన్ని ఎంచుకున్నారు. మీ అమ్మాయికి నా సూచన ఒక్కటే: ఉద్యోగం మాట పక్కన పెట్టి, వరుసగా రెండు రోజులు రెండు ఊళ్లలో, వేరు వేరు పక్కవాద్యాల వారితో, ఒక్క కృతి కూడా మళ్లీ పాడకుండా రెండున్నర గంటల కచేరీలు రెండు చేయమనండి. మూడో రోజు పొద్దున తంబూరా ముందు కూర్చోబుద్ధి వేస్తే అప్పుడు మిగతా లెక్కలు వేసుకోవచ్చు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా చిన్నతనంలో నవమి పందిట్లో అర్ధరాత్రి దాకా కచేరీ వినేవాళ్లం, నిలబడడానికి చోటుండేది కాదు. మొన్న ఒక మంచి గాత్ర కచేరీకి వెళితే ముప్ఫై మంది కూడా లేరు, వారిలో సగం మంది మా వయసువారే. ఈ సంగీతానికి శ్రోతలు అంతరించిపోతున్నట్టేనా? — ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మాష్టారూ, నవమి పందిట్లో జనం కిక్కిరిసేవారన్న మాట నిజం, కాని ఆ జనమంతా శాస్త్రీయ సంగీతం కోసమే వచ్చారంటే ఒప్పుకోలేను. ఆ తొమ్మిది రాత్రుల్లో ఒకరోజు హరికథ, ఒకరోజు బుర్రకథ, ఒకరోజు పౌరాణిక నాటకం జరిగితే నడుమ ఒకటో రెండో పాటకచేరీలుండేవి. జనం పందిరికి వచ్చేవారు. పానకం తాగి, చాప పరుచుకుని, ఆ పూట వేదిక మీద ఏది ఉంటే అది వినేవారు. హరికథలో దాసుగారు కథ నడుమ మోహన రాగంలో నాలుగు సంగతులు (ఒకే పాదాన్ని రకరకాలుగా మార్చి పాడడం) వేస్తే, రాగం పేరు తెలియని రైతు చెవిలో కూడా మోహన పడేది. మరుసటి ఏడు పాటకచేరీలో అదే రాగం వచ్చినప్పుడు అది అతనికి పరిచయమున్న మనిషిలా తోచేది. ఊళ్లో శ్రోత తయారైంది ఇలా. ఎవరూ పాఠం చెప్పి తయారుచేయలేదు.

ఆ ఏర్పాటు ఒక్కసారిగా కూలలేదు. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, వేంకటగిరి వంటి సంస్థానాలు విద్వాంసులను పోషించిన కాలం 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో ముగిసింది. ఆ బరువును ఊళ్లలోని వకీళ్లూ డాక్టర్లూ వర్తకులూ సభలు పెట్టి తమ భుజాన వేసుకున్నారు; అంతకు ముందు నుంచీ అటువంటి పని చేస్తూ నూరేళ్లు దాటిన సరస్వతీ గానసభ మీ ఊళ్లోనే ఉంది. అదే 1948 డిసెంబరులో విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలై, భక్తిరంజనితో సంగీతం తెల్లవారేసరికి వంటింట్లోకి వచ్చేసింది. ఇది గొప్ప మేలే, కాని పందిరికి వెళ్లనక్కరలేకుండా సంగీతం దొరకడం కూడా ఆనాటి నుంచే మొదలైంది.

మరోవైపు విద్వాంసులు తరలిపోయారు. సభలూ రికార్డింగు కంపెనీలూ సినిమా స్టూడియోలూ మద్రాసులో ఉన్నాయి. 1928లో ఏర్పడిన మ్యూజిక్ అకాడమీ గుర్తింపే దేశానికంతటికీ కొలమానమైంది. కోనసీమ శంకరగుప్తం నుంచి బాలమురళీకృష్ణ, పాలకొల్లు నుంచి మాండొలిన్ శ్రీనివాస్ మద్రాసు చేరారు. కరవది నుంచి నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడ్డారు. వారి వెనకే, కొంత ఆలస్యంగా, వారిని విన్న కుటుంబాల పిల్లలు చదువుల కోసం, ఉద్యోగాల కోసం కదిలారు. హైదరాబాదులో కచేరీ అయ్యాక వేదిక దగ్గరికి వచ్చి పలకరించేవారిలో "మాది కాకినాడండీ", "మాది తెనాలండీ" అనే మాట వినని రోజు నాకు లేదు. మీ ఊరి శ్రోతలు పోలేదు మాష్టారూ, వేరే ఊరి కుర్చీలో కూర్చున్నారు. తెగిపోయింది ఏమిటంటే, ఒకే ఊళ్లో ఒకే జనం ఏళ్ల తరబడి ఒకరి పక్కన ఒకరు కూర్చుని వినే అలవాటు. ఈ సంగీతానికి జరిగిన అసలు నష్టం అదేనని నా అభిప్రాయం.

ఆ అలవాటు పోతే ఏం పోతుందో వేదిక మీద కూర్చున్నవారికి బాగా తెలుస్తుంది. మద్రాసు సభలో శ్రోతలు తొడ మీద తాళం వేస్తారు. నేను ఎడుపు, అంటే తాళంలో పాట ఎత్తుకునే చోటు, తప్పిస్తే ముందు వరుసలో చేయి ఆగుతుంది. అది వారి బలం. తెలుగు సభ బలం వేరు. వీణ మీద కృతి వాయించేటప్పుడు మీటు సాహిత్యాక్షరం మీద పడాలి. "నిధి చాల సుఖమా" అన్నప్పుడు ఏ అక్షరాలకు మీటాలో, ఏ అక్షరపు సాగుదలను మీటకుండా ఎడమచేతి గమకంతో (స్వరాన్ని ఊపి పలికించడంతో) లాగాలో మాకు నేర్పుతారు. మాటలు తెలిసిన శ్రోతకు ఆ తీగె నోరు విప్పి మాట్లాడినట్టుంటుంది. తెలుగు ఊళ్లలో ముందు వరుసలోని పెద్దావిడ పెదవులు చరణంతో పాటు కదులుతూ ఉంటాయి, ఒక అక్షరం మీద మీటు తప్పిపోతే ఆ పెదవులు తడబడతాయి. అంత నిక్కచ్చి పరీక్ష ఇంకెక్కడా ఎదురుకాదు. త్యాగరాజస్వామి తిరువయ్యారులో కూర్చుని రాసినా మన మాటలో రాసినందువల్ల మనకు దక్కిన సొత్తు ఇది, దానికి వారసులుగా మన ఊళ్లలో ఇప్పుడు డెబ్భై ఏళ్లవారే మిగులుతున్నారు.

మీరు చేయగలిగినది ఉంది. ఏడాదికొకసారి పెద్ద హాలు తీసుకుని, ఫ్లెక్సీలు కట్టి, పేరున్నవారిని పిలిచే ఉత్సవం మీద పెట్టే డబ్బును పన్నెండు భాగాలు చేసి, నెలకొక చిన్న కచేరీ పెట్టండి. గుడి మండపమో, ఎవరింటి పెద్ద హాలో చాలు. యాభై మంది పట్టే చోట వీణకు మైకు కూడా అక్కరలేదు. ఏ నెలయినా అదే ఆదివారం, అదే గంట అయితే జనానికి గుర్తుండిపోతుంది. పాడబోయే కృతులూ రాగాలూ సాహిత్యమూ ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేసి పంచండి, రెండు గంటల్లో ముగించండి. ముఖ్య అతిథి రాక కోసం కళాకారులను శ్రుతి చేసిన వాద్యాలతో కూర్చోబెట్టడం, జ్యోతి ప్రజ్వలన తరువాత నలుగురు వక్తలు సంగీతపు గొప్పతనం గురించి సంగీతానికి కేటాయించిన సమయంలో మాట్లాడడం మాత్రం దయచేసి మానిపించండి. కొత్తగా వచ్చిన కుర్రవాడు మళ్లీ రాకపోవడానికి రాగాలాపన కారణమని అందరూ అనుకుంటారు. నా అనుమానం ఆ ప్రసంగాల మీద.

ప్రశ్న: నాకు ఇరవై ఆరేళ్లు. రాగాలు తెలియవు, కాని కచేరీలకు వెళ్లడం ఇష్టం. మొన్న పక్క సీటులోని పెద్దాయన "ఇదేం రాగం చెప్పు" అని అడిగి, తెలియదంటే పెదవి విరిచారు. తెలియనివారు రాకూడదా? ఇంకొకటి, తని ఆవర్తనంలో బయటికి వెళ్లవచ్చా, ఫోనులో రికార్డు చేసుకోవచ్చా? — ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: మీరు తప్పకుండా రండి. రాగం పేరు చెప్పగలగడం మంచి విద్యే కాని, పేరు దొరికిన వెంటనే వినడం ఆపేసి పక్కవారికి పరీక్ష పెట్టేవారిని వేదిక మీద నుంచి మేమూ చూస్తుంటాము. మీకు నచ్చిన ఒక్క కృతి తీసుకోండి. దాన్నే నలుగురు విద్వాంసుల నోట వినండి. ఏ సంగతి ఎవరు వదిలేశారో, ఎవరు కలిపారో మీకే తెలిసిన రోజున ఆ రాగం మీ సొంతమవుతుంది, పేరు తరువాత ఎలాగూ తెలుస్తుంది.

తని ఆవర్తనం విరామం కాదు. రెండు గంటల పాటు మా పాటను మోసిన మృదంగ విద్వాంసులకు తమ విద్య చూపే ఆ పది పదిహేను నిమిషాలలో కనిపించేవి లేచి వెళ్లేవారి వీపులు. ఏమీ అర్థం కాకపోతే తాళం వేస్తున్నవారి చేతిని చూస్తూ కూర్చోండి. ఆఖరి కోర్వై (ముగింపు లయ అల్లిక) మూడుసార్లు తిరిగి సరిగ్గా పల్లవి ఎత్తుగడ మీద వాలినప్పుడు మీకు తెలియకుండానే "భళా" అంటారు.

రికార్డింగు సంగతి కాస్త గంభీరమైనది. ఇప్పుడు ఏ కచేరీ అయినా తెల్లవారేసరికి ఎవరి ఫోనులోంచో యూట్యూబులోకి ఎక్కుతోంది. దాని మేలు నేను కాదనను: మారుమూల ఊళ్లో గురువు లేని పిల్లకు అదే గురుకులం. కాని వేదిక మీద ఉన్నవారికి ఇవాళ చేసిన ప్రతి ప్రయత్నమూ శాశ్వతంగా నిలిచిపోతుందన్న భయం పట్టుకుంది. వెనుకటి విద్వాంసులు ఒక ఊళ్లో తప్పిన స్వరకల్పనను (అప్పటికప్పుడు అల్లే స్వరాలను) మరో ఊళ్లో సరిదిద్దుకునేవారు. ఇప్పటివారు తప్పే అవకాశమున్న దారిలోకే అడుగుపెట్టడం తగ్గించారు. నిర్వాహకులూ కళాకారులూ ఒప్పుకుంటే రికార్డు చేయండి, లేకపోతే వద్దు.

ప్రశ్న: మా పిల్లలిద్దరూ ఇండియాలోని గురువుగారి దగ్గర ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నారు. కర్ణాటక సంగీతం ఇకమీదట అమెరికాలోనే నిలుస్తుందని ఇక్కడివారు అంటుంటారు. మీరేమంటారు? — ఒక తండ్రి, న్యూజెర్సీ

జవాబు: సగం ఒప్పుకుంటాను. ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన 1978లో మొదలై నేటికీ సాగుతోంది. అక్కడి పోటీల్లో పాడే పిల్లల తాళజ్ఞానం, జ్ఞాపకశక్తి చూస్తే ఇక్కడి గురువులకు అసూయ కలుగుతుంది. మాకూ కళాకారులకిచ్చే పీ-3 వీసా మీద అక్కడ తిరిగే పర్యటనలు ముఖ్యమైన ఆదాయం. శుక్ర, శని, ఆదివారాలు ఒక్కో ఊళ్లో దేవాలయపు హాలులోనో, అద్దెకు తీసుకున్న స్కూలు ఆడిటోరియంలోనో కచేరీ ఉంటుంది, పని దినాల్లో ఎవరింట్లోనో బసచేసి పిల్లలకు పాఠాలు చెబుతాము. ఆ ఆతిథ్యపు పప్పన్నం, ఆవకాయల ఋణం తీర్చుకోలేము.

మిగతా సగం చెప్పాలి. అక్కడ నేర్చుకునేవారు ఎక్కువ, వినేవారు తక్కువ. ముందు పిల్లల కార్యక్రమం, తరువాత పెద్దల కచేరీ ఉన్న రోజున, పిల్లల వంతు కాగానే కుటుంబాలు లేచి పార్కింగు స్థలం వైపు నడవడం నేను చాలాచోట్ల చూశాను. ఆన్‌లైన్ పాఠానికి మరో లోటు ఉంది: శబ్దం చేరడంలో జరిగే ఆలస్యం వల్ల గురువూ శిష్యుడూ కలిసి పాడలేరు. గురువు పాడి ఆపాక శిష్యుడు పాడాలి. పక్కన కూర్చుని ఒకే శ్రుతిలో గొంతు కలిపితే గాని పట్టుబడని గమకపు ఊగు ఆ తెరలో జారిపోతుంది. సెలవులకు వచ్చినప్పుడు కనీసం నెల రోజులు గురువుగారి ఎదుట కూర్చోబెట్టండి.

మీరు తెలుగువారు కనుక మీ పిల్లలకు మరొక పని చేయగలరు. అక్కడ చాలామంది సాహిత్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడతారు. ళకారం లకారమవుతుంది, ణకారం నకారమవుతుంది, పదం ఎక్కడ విరుగుతుందో తెలియక అర్థం మధ్యలో ఊపిరి తీస్తారు. కృతిని తెలుగు లిపిలో రాయించండి, పాడే ముందు ఒకసారి మామూలు మాటలా చదివించండి. అలాగే తమ ప్రదర్శన లేని కచేరీకి, కేవలం వినడానికి, మొదటి నుంచి మంగళం దాకా కూర్చోబెట్టండి.

ప్రశ్న: వీణతో బస్సులో, రైల్లో, విమానంలో ప్రయాణం చేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పండి. ఎండాకాలంలో నా వీణ మెట్లు తరచు కదిలిపోతున్నాయి. — ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: మీ వీణ ఇరవైనాలుగు మెట్లూ (తీగె కింద వేలు నొక్కే లోహపు పట్టీలు) మైనం మీద కూర్చున్నవి. ఎండలో నిలిపిన కారులో గంటసేపు వదిలేస్తే ఆ మైనం మెత్తబడి మెట్లు ఒరుగుతాయి, తీగెల ఒత్తిడికి మరికాస్త జరుగుతాయి. అప్పుడు మీరు బిరడలు (తీగెలు బిగించే కొయ్యలు) ఎంత తిప్పినా శ్రుతి కుదరదు, ఎందుకంటే తప్పు తీగెలో లేదు. మైనం మళ్లీ వేడిచేసి మెట్లు సరిచేయడం అనుభవమున్నవారి పని, ఇంట్లో ప్రయత్నించకండి. మీకు బొబ్బిలి దగ్గరే కనుక అక్కడి వీణల పనివారి దగ్గరికి వేసవి దాటగానే ఏటా ఒకసారి తీసుకెళ్లండి. చల్లని ఏసీ హాల్లో దీనికి విరుద్ధంగా మైనం గట్టిపడి పెళుసెక్కుతుంది, కాబట్టి కచేరీకి గంట ముందే వీణను వేదిక మీద పెట్టి ఆ చలికి అలవాటు పడనివ్వండి.

రైల్లో అయితే సొరబుర్రను విప్పి వేరే సంచిలో పెట్టుకుని, వీణను పై బెర్తు మీద వెల్లకిలా పడుకోబెట్టండి, మెట్ల మీద ఏ సామానూ పెట్టనివ్వకండి. బెర్తు ఒకటే ఉంటే ఆ రాత్రి నిద్ర వీణదే. బస్సులో డిక్కీలో వేయడానికి ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోకండి, పక్క సీటుకు టిక్కెట్టు కొనండి. విమానంలో సామానుగా వేయక తప్పకపోతే గట్టి ఫైబరు పెట్టె ఉండాలి. తీగెలను పూర్తిగా వదులు చేస్తే గుర్రం (తీగెలు ఆనే వంతెన) పక్కకు జరుగుతుంది గనుక రెండు మూడు స్వరాల మేరకే దించి, దండికీ (వీణ మెడకీ) పెట్టెకీ మధ్య ఖాళీని పాత దుప్పట్లతో నింపండి. తరచు విదేశాలకు వెళ్లేవారు దండి దగ్గర విడదీసే వీణలు చేయించుకుంటున్నారు. మీరు ఇంకా విద్యార్థిని కనుక అంత ఖర్చు ఇప్పుడే అక్కరలేదు.